కూరగాయల సూప్ తాగే రక్తపిశాచి

"అన్నయ్యా, రక్తం తాగేవాడికి కూరగాయల పులుసు పోస్తున్నావేంటి?" అని మా తమ్ముడు అడిగేదాకా నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

స్కైరిమ్ అనే వీడియోగేమ్ ఆడుతున్నాను. నా పాత్ర అప్పటికే పూర్తిస్థాయి రక్తపిశాచి. కొండమీద బందిపోట్ల కోటలో ముగ్గురు చుట్టుముట్టారు, తెర అడుగున ప్రాణాన్ని చూపే ఎర్ర గీత సన్నటి దారమైపోయింది. ఆట ఆపి సంచి తెరిచాను. క్యాబేజీ, బంగాళాదుంప, టమాటా, లావాటి ఉల్లికాడలాంటి లీక్ వేసి నిన్న కాచి పెట్టుకున్న సూప్ కనపడితే తాగించాను. ఆ వంటలో ఉప్పు కూడా పడదు, రుచి సంగతి దేవుడికెరుక. కానీ ఒక్కసారి తాగితే 720 సెకన్లు, అంటే 12 నిమిషాలపాటు, సెకనుకో పాయింటు చొప్పున ప్రాణం ఎక్కుతూనే ఉంటుంది. కోరలు మొలిచినా, కళ్లు నిప్పుకణికలైనా, చచ్చి లేచినవాడైనా సరే, సూప్ పనిచేస్తుంది. జున్నుముక్క పనిచేస్తుంది. యాపిల్ పనిచేస్తుంది. సంతలో కొన్న ఎర్ర మందుసీసా అందరికీ పనిచేసినట్టే పనిచేస్తుంది.

వాడి ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేదు. తర్వాత వరుసగా వాంపైర్ ఆటలు ఆడుతూ పోయాను. ప్రతి ఆటలోనూ ముందు చూసిందొక్కటే: ఈ రక్తపిశాచికి దెబ్బ తగిలితే ప్రాణం ఎక్కడినుంచి వస్తుంది? కథలో వాడు రక్తపిశాచి అని ఎంతమంది చెప్పినా, ఆ ఎర్ర గీత దేనితో నిండుతుందో చూస్తేనే ఆట వాణ్ణి నిజంగా ఎవరనుకుంటోందో తెలుస్తుంది. బొమ్మ గీసినవాళ్లు కోరలు పెట్టగలరు, సంభాషణలు రాసినవాళ్లు దాహం అన్న మాట పెట్టగలరు. లెక్కలు కట్టినవాళ్లు మాత్రం అబద్ధం ఆడలేరు.

(ఇంగ్లిషువాళ్లకు వాంపైర్ అన్న మాట వాడటంలో ఎప్పుడూ చేయి ధారాళమే. రిచర్డ్ బర్టన్ 1870లో మన బేతాళ కథలను 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని అచ్చువేశాడు. పాపం బేతాళుడు ఎవరి మెడా కొరకలేదు. కథ చెప్పి, ప్రశ్న వేసి, రాజు నోరు తెరవగానే మళ్లీ చెట్టెక్కడమే ఆయన పని.)

బెథెస్డా కంపెనీ 2011లో తెచ్చిన స్కైరిమ్‌లో వాంపైర్ అవడం ఒక జబ్బుతో మొదలవుతుంది. ఆట కాలమానంలో 72 గంటల్లోపు మందు తాగకపోతేనో, గుడిలో మొక్కుకోకపోతేనో మనిషి మారిపోతాడు. అక్కణ్ణుంచి నాలుగు దశలు. రక్తం తాగితే మొదటి దశ. తాగకుండా రోజులు గడుపుతుంటే రెండు, మూడు, నాలుగు. ఇంతవరకూ మామూలే. విచిత్రమంతా ఆ తర్వాతే ఉంది.

తాగనివాడే బలవంతుడు! నాలుగో దశలో చలి అసలు అంటదు, శక్తులు పెరుగుతాయి, ఎదుటివాడి ప్రాణం లాగే మంత్రం పదునెక్కుతుంది. కడుపునిండా తాగినవాడు మొదటి దశలో, అందరికంటే బలహీనంగా ఉంటాడు. మరి తాగడం దేనికి? పగటికోసం. ఎండలో వాంపైర్ ప్రాణం దానంతటది నిండదు. నిండగలిగే హద్దు కూడా కుంచించుకుపోతుంది, మొదటి దశలో 15 పాయింట్లు, తర్వాత 30, 45, నాలుగో దశకు 60. నిప్పు తగిలితే దశనుబట్టి ఇంకా ఎక్కువ కాలుతుంది. మొదట్లో నాలుగో దశవాడు ఊళ్లో అడుగుపెడితే జనం కత్తులు దూసేవారు. 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనే చేర్పు ఆ నియమాన్ని తీసేసింది.

అంటే స్కైరిమ్‌లో రక్తం తిండి కాదు, మందూ కాదు. అది ముఖానికి వేసుకునే రంగు. పగటిపూట నలుగురిలో తిరగడానికి కట్టే అద్దె. ప్రాణం సంగతి ప్రాణానిదే, దానికి సూప్ ఉంది.

తాగే పద్ధతి చూడండి. రాత్రి ఎవరింట్లోనో తలుపు తాళం తీసి, పడుకున్న మనిషి పక్కన వంగి ఒక బటన్ నొక్కాలి. రెండు సెకన్ల కదలిక. ఆ మనిషికి మెలకువ రాదు, నొప్పి తెలియదు, పొద్దున లేచి కమ్మరి కొలిమికో కూరగాయల దుకాణానికో వెళ్లిపోతుంది. ఒకే మనిషి దగ్గర నెలంతా తాగినా ఆమె ముఖంలో పాలిపోయిన ఛాయ కూడా కనిపించదు. పెళ్లి చేసుకున్న భార్య దగ్గరే రోజూ తాగొచ్చు, తెల్లారి ఆమే మనకు వండి పెడుతుంది. చూసినవాళ్లుంటే నేరమవుతుంది, లేకపోతే ఏమీ లేదు. మా ఊళ్లో వేసవి రాత్రుల్లో దోమలు ఇంతకంటే ఎక్కువ జాడ వదిలేవి.

స్కైరిమ్‌లో రక్తానికీ ప్రాణానికీ అసలు ముడే లేదంటే అన్యాయం అవుతుంది. వాంపైర్‌కు అప్పనంగా వచ్చే మంత్రం ఒకటుంది. ఎదుటివాడిపై చేయి చాపితే వాడి ప్రాణం ఎర్రటి ధారలా మన వైపు పారుతుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. అసలు ఆటలో అది లాగేది మాత్రం సెకనుకు వేళ్లమీద లెక్కపెట్టేన్ని పాయింట్లు. గొడ్డలి పట్టుకున్న బందిపోటు ఒక్క దెబ్బతో తీసేది అంతకు ఎన్నో రెట్లు. డాన్‌గార్డ్‌లో రెక్కలున్న వాంపైర్ ప్రభువుగా మారే వీలొచ్చాక పరిస్థితి కొంత నయమైంది. ఆ రూపంలో 'బ్లడ్ హీలింగ్' అనే నైపుణ్యం సంపాదిస్తే, మనిషిని కొరికి చంపిన మరుక్షణం ప్రాణం మొత్తం నిండిపోతుంది. స్కైరిమ్‌లో రక్తం అక్షరాలా ప్రాణం అయ్యేది అలాంటి చోటే. కానీ ఆ రూపంలో ఉన్నంతసేపూ ఊళ్లోవాళ్లతో మాట్లాడలేం, సంచి తెరవలేం, సూప్ తాగలేం. ఆట ఆ రెండింటినీ ఒకే ఒంట్లో ఉండనివ్వలేదు. మృగానికి రక్తం, మనిషికి పులుసు.

స్కైరిమ్‌కు ముందు ఇదే వరుసలో వచ్చిన ఆట ఆబ్లివియన్, 2006. అక్కడా ఇదే తలకిందుల లెక్క. శాతాల్లో దశలు: 25, 50, 75, 100. ఆకలి పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, 50కు చేరితే ఎండ ఒళ్లు కాలుస్తుంది. రక్తం తాగితే 25కు దిగుతాం, గాయం మాత్రం గాయంగానే ఉంటుంది. ఈ ఆట నాకు గుర్తుండిపోయింది లెక్కలవల్ల కాదు, స్కిన్‌గ్రాడ్ కోటలో మంచంమీద ఉన్న ఒక స్త్రీవల్ల.

ఆమె పేరు రోనా హాసిల్డోర్. ఆ ఊరి దొర జానస్ హాసిల్డోర్ భార్య. ఇద్దరూ వాంపైర్లే. ఆయన దాహానికి తలవంచి, గుట్టుగా తాగుతూ, దర్జాగా ఊరు ఏలుతున్నాడు. ఆమె తాగనంది. తాగక తాగక స్పృహ తప్పి అలాగే ఉండిపోయింది. ఆమెకు శాంతి కలిగించే మందు తెచ్చిపెట్టమని ఆ దొర మననే అడుగుతాడు. మంచం పక్కన నిలబడి ఆ మాటలు వింటున్నప్పుడు నా పాత్రదీ అదే జబ్బు. రోజులతరబడి చుక్క రక్తం తాగలేదు. ఆ లెక్కన నేనూ మంచంపట్టి ఉండాలి. నేనేమో జీవితంలో ఎన్నడూ లేనంత బలంగా ఉన్నాను! ఒకే గదిలో, ఒకే రోగానికి, ఒకే పథ్యానికి రెండు ఫలితాలు. కథ రాసినవాళ్లకు రక్తమంటే ప్రాణం. లెక్కలు కట్టినవాళ్లకు అది ఒక మీట, అటు తిప్పితే బలం, ఇటు తిప్పితే పరువు. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే బాగుండేది.

ఆ లెక్క పూర్తిగా చెత్త అని కూడా అనలేను. ఆకలికొద్దీ క్రూరమయ్యే జంతువు ఊహ అందులో ఉంది. పస్తున్న పులి బలం. అయితే పస్తున్న పులి ఎక్కువ రోజులు ఉండదు. ఆబ్లివియన్‌లో ఏళ్లతరబడి ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు, రక్తాన్ని ప్రాణంతో ముడిపెట్టిన ఆటలు. 2018లో పారిస్‌లోని డోంట్‌నాడ్ అనే సంస్థ వాంపైర్ అన్న పేరుతోనే ఒక ఆట చేసింది. ఇంగ్లిషులో ఆ పేరును 'ఐ' బదులు 'వై'తో రాస్తారు, మనకు చెవికి రెండూ ఒకటే. కథ 1918 లండన్‌లో. ఒక పక్క యుద్ధం, మరో పక్క స్పానిష్ ఫ్లూ. కథానాయకుడు డాక్టర్ జొనాథన్ రీడ్ రక్తమార్పిడిలో నిపుణుడు. ఒక రాత్రి శవాల గుట్టలో కళ్లు తెరుస్తాడు. లోకమంతా రంగు వెలిసిపోయి, ఎదుట ఒక ఆకారం, అందులో కొట్టుకుంటున్న గుండె మాత్రమే ఎర్రగా. తూలుతూ వెళ్లి ఆ ఆకారాన్ని కావలించుకుని తాగుతాడు. దాహం తీరి చూపు తేటపడ్డాక తెలుస్తుంది, అది తన చెల్లెలు మేరీ. అన్నను వెతుక్కుంటూ వచ్చింది. ఆట మొదలై పది నిమిషాలు కూడా కాలేదు, ఆటగాడు చేసింది బటన్ నొక్కడం ఒక్కటే. ఈ ఆటలో ప్రాణం ఎవరిదో ఒకరిది తీసుకుంటేగాని రాదని ఇంతకంటే సూటిగా చెప్పిన ఆటను నేను చూడలేదు.

చెప్పాక మాట నిలబెట్టుకుందా అంటే, సగం.

రీడ్‌కు రెండు గీతలు ముఖ్యం, ప్రాణానిదొకటి, రక్తానిదొకటి. పోట్లాటలో శత్రువును అలిసిపోయేలా కొట్టి, తూలినప్పుడు మెడ కొరికితే రక్తం గీత నిండుతుంది. ఆ రక్తాన్ని ఖర్చుపెట్టి 'ఆటోఫజీ' అనే శక్తితో గాయాలు మాన్పుకుంటాడు. ఆటోఫజీ అంటే తన్ను తాను తినడం. డాక్టరు పాత్రకు ఎంచిపెట్టిన పేరు. ఇక్కడ రక్తం నేరుగా ప్రాణం కాదు, జేబులో డబ్బు. దాంతో గాయమైనా మాన్పుకోవచ్చు, గోళ్లు చాపి ఎదుటివాణ్ణి చీల్చడానికైనా వాడుకోవచ్చు. పోరు నడుమ ఆ ఎంపిక నిజంగా నొప్పి పెడుతుంది. ఎదుట వేటగాడు శిలువ ఎత్తాడు, రక్తం ఒక్క వేటుకే ఉంది, మాన్పుకోనా, కొట్టనా? స్కైరిమ్‌లో ఆట ఆపి జున్ను తినే సుఖం ఇక్కడ లేదు. మందు సీరమ్‌లున్నాయి గాని, కొన్నే మోసుకెళ్లగలం.

రెండో లెక్క ఊరిది. లండన్‌లో నాలుగు పేటలు, సుమారు అరవైమంది పేరూ ఊరూ ఉన్న మనుషులు. సారా దుకాణం నడిపేవాడు, అప్పులవాడు, నర్సు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ప్రతివాళ్లతో మాట్లాడొచ్చు, గుట్టు తెలుసుకోవచ్చు. జలుబు, తలనొప్పి, న్యుమోనియా వస్తే బల్లమీద మందు నూరి ఇవ్వొచ్చు. ఎంత తెలుసుకుంటే, ఎంత బాగుచేస్తే, వాళ్ల రక్తం అంత నాణ్యం. చంపి తాగితే అంత ఎక్కువ అనుభవం, వేలల్లో పాయింట్లు. వీధిపోరాటాల్లో వచ్చేవి దానిముందు చిల్లర. కోడికి మేత వేసే చెయ్యే కోసే చెయ్యి. రోగి మంచం పక్కన కూర్చుని దగ్గుమందు ఇచ్చాక తెరమీద ఆ రక్తం విలువ పెరిగిందని అంకె మారడం చూసినప్పుడు నాకు మొదటిసారి ఆట కట్టేయాలనిపించింది. మెచ్చుకోలుగానే అంటున్నాను.

చంపాలనుకుంటే వశం చేసుకుని చెయ్యి పట్టి చీకటి మూలకు నడిపించాలి. వెళ్తూ ఉంటే ఆ మనిషి చివరి మాటలు వినిపిస్తాయి. తర్వాత పేట ఆరోగ్యం పడిపోతుంది. ఎవరో అంగడి మూస్తారు, ఎవరో ఏడుస్తారు, కొందరు మాయమవుతారు. పేట కూలిపోతే అక్కడ దయ్యాలే మిగులుతాయి. ఇంకో మాట, ఈ ఆటలో మనంతట మనం సేవ్ చేసుకోలేం. అదే సేవ్ చేసుకుంటుంది, ఒకే చోట. పొరపాటున చంపాను, వెనక్కి వెళ్తానంటే కుదరదు.

ఇంత కట్టాక ఎక్కడ జారిందో చెప్పాలి. గాయం మాన్పే రక్తం పేరులేని గూండాలది. పేరున్నవాళ్ల రక్తం అనుభవానికి, అంటే పై మెట్టెక్కడానికి. గాయపడి వీధిలో పారిపోతున్న రీడ్‌కు సారా దుకాణం యజమాని మెడ కొరికే అవసరం ఎప్పుడూ రాదు. మూలమలుపులో ఇంకో వేటగాడు ఉంటాడు, వాడి రక్తానికి ఏ పాపమూ అంటదు. చావుకూ బతుక్కూ మధ్య తప్పక చేసే పాపం వేరు, బలం పెంచుకోవడానికి తీరిగ్గా చేసే పాపం వేరు. మొదటిదానికి జాలి పుడుతుంది, రెండోదానికి పుట్టదు. మేరీ చావులో ఉన్నది మొదటిది. ఆ తర్వాత ముప్పై గంటల ఆటలో ఉన్నది రెండోది. స్కైరిమ్ ఆకలిని ప్రాణంనుంచి విడదీస్తే, డోంట్‌నాడ్ ప్రాణాన్ని మనస్సాక్షినుంచి విడదీసింది. అందుకే ఎవరినీ చంపకుండా ఆట ముగించడం కష్టమే గాని కుదురుతుంది, ఆటగాడు చేతులు శుభ్రంగా కడుక్కుని లేస్తాడు. వీధుల్లో కొరికి పడేసిన వందలమంది గూండాలు ఆ లెక్కలోకి రారు.

ప్రాణాన్నీ రక్తాన్నీ ఒకటే చేసిన ఆట లేకపోలేదు. 1996లో సిలికాన్ నైట్స్ సంస్థ చేసిన బ్లడ్ ఓమెన్‌లో కెయిన్ అనే చచ్చి లేచిన దొర ఉంటాడు. అతని రక్తం సీసా ఏమీ చేయకపోయినా కారిపోతూ ఉంటుంది, నిలబడి ఆలోచిస్తే చాలు తగ్గిపోతుంది. చెరసాల గోడలకు గొలుసులతో కట్టిన బందీలు కాపాడమని వేడుకుంటూ ఉంటారు. వాళ్లను విడిపించే బటన్ లేదు. తాగే బటనే ఉంది. దానిమీద వ్యాసం రాయాల్సినంత లేదు, ఉన్న సంగతి ఆటే చెప్పేసింది.

నాకు నచ్చిన జవాబు మాత్రం పూర్తిగా వాంపైర్‌ది కాని ఆటలో దొరికింది. బెల్జియం సంస్థ లారియన్ 2023లో తెచ్చిన బాల్డర్స్ గేట్ 3లో అస్టేరియన్ అనే తోడు పాత్ర ఉంది. రెండువందల ఏళ్లు కజడార్ అనే యజమానికి బానిస. మనిషి రక్తం ముట్టనివ్వకుండా ఎలుకలతో బతికించాడు ఆ యజమాని. అతను ఒక రాత్రి గుడారంలో మన మెడమీదికి వంగినప్పుడు మెలకువ వస్తుంది. పడుకున్న మనిషి లేచి కళ్లలోకి చూస్తుంది. స్కైరిమ్ దాటవేసింది సరిగ్గా ఈ క్షణాన్నే.

ఒప్పుకుంటే తాగుతాడు. మర్నాడు మన పాత్ర పేరు పక్కన 'బ్లడ్‌లెస్' అనే గుర్తు. మళ్లీ రాత్రి నిద్ర పడేదాకా కత్తి విసిరినా, తాళం తీసినా, పాచిక పడిన ప్రతిసారీ ఒకటి తక్కువ. అతనికేమో ఆ పూటంతా ఒకటి ఎక్కువ. పోరులో శత్రువును కొరికినా అంతే, తీసిన దెబ్బ ఎంతో అతని ప్రాణం అంత పెరుగుతుంది. అంకెలు చిన్నవి, నిజమే. సంతలో దొరికే మందు దానికంటే ఎక్కువ నింపుతుంది. లెక్కకోసం చూస్తే ఆ కాటును నేను పదిసార్లు కూడా వాడి ఉండను. కానీ అతనికి వచ్చిన ఒకటి ఎవరి దగ్గర పోయిందో తెరమీద కనిపిస్తుంది. ఇంకో పాత్ర పేరు కింద, ఇంకో ముఖం పక్కన. స్కైరిమ్ రైతుకు లేని పాలిపోయిన ఛాయ ఇదే. రీడ్ కొరికిన గూండాకు లేని పేరు ఇదే.

తర్వాత ఒక కోటలో అరాజ్ అనే రక్తం వ్యాపారి తగులుతుంది. అస్టేరియన్ తనను కొరికితే ఒక మందు ఇస్తానంటుంది. అది తాగితే శాశ్వతంగా రెండు పాయింట్ల బలం. అతను వద్దంటాడు. ఆమె మళ్లీ మన వైపు తిరిగి అడుగుతుంది, అతను అక్కడ లేనట్టు. రక్తం ఇస్తామనేవాళ్లు ముందుకొచ్చి మెడ చాపితే తాగేవాడు కాదనడం! రెండువందల ఏళ్లు ఎవరు చెబితే వాళ్ల పక్కలోకి వెళ్లినవాడికి ఆ కాదనడమే పెద్ద సంపాదన. వాంపైర్ ఆటల్లో రక్తానికి ఇచ్చేవాళ్ల ఇష్టం గురించి అప్పుడప్పుడూ మాట్లాడారు. తీసుకునేవాడి ఇష్టం గురించి అడిగింది నాకు తెలిసి ఇదే.

మా తమ్ముడు ఆ చోటికి వచ్చినప్పుడు నేను వెనకే కూర్చుని ఉన్నాను. ముందు సేవ్ చేసుకున్నాడు. అతన్ని ఒప్పించి, మందు తీసుకుని, రెండు పాయింట్లూ వచ్చాయో లేదో చూసుకున్నాడు. అస్టేరియన్ ముఖం వంక కాసేపు చూశాడు. ఏమీ అనకుండా పాత సేవ్‌కు వెళ్లి, ఈసారి ఆమెను పొమ్మన్నాడు.

కాసేపాగి, "అన్నయ్యా, ఇందులో పులుసు లేదా?" అన్నాడు.